వైరెక్కని తప్పు

సంతకం చేయాల్సిన చోట అనసూర్య పేరు ముందే టైపు చేసి ఉంది. దాని పైన రెండు పేజీల రిపోర్టు. రాసింది భానుప్రసాద్. బొగ్గుబాయికి గ్యాస్ కొలిచే యంత్రాలు అమ్మిన సంస్థ అతన్ని హైదరాబాద్ నుంచి పంపించింది. మూడు రోజులు గనిపైన మానిటరింగ్ రూములో కూర్చుని, తన ల్యాప్‌టాపూ ఇక్కడి సర్వరూ ముందేసుకుని, నాలుగో రోజు పొద్దున్నే ఈ కాగితాలు తెచ్చాడు.

అనసూర్య అన్నీ చదివింది కానీ చివరి వాక్యం దగ్గరే ఆగిపోయింది. "భూగర్భంలోని కేబుల్ జాయింట్లు నాసిరకంగా ఉన్నందున డేటా మార్గమధ్యంలో చెడిపోతున్నది."

ఆ జాయింట్లు వేసింది హనుమంతు. బోథ్ నుంచి పద్దెనిమిదేళ్ల వయసులో గోదావరి ఒడ్డుకొచ్చి, బాయి పనిలో చేరి ఎలక్ట్రీషియన్ అయినవాడు. వచ్చే నెలాఖరున దిగిపోతున్నాడు. ఈ ప్రాంతంలో రిటైర్ కావడాన్ని దిగిపోవడమనే అంటారు. ఈ కాగితం మీద సంతకాలు పడితే దిగిపోయే ముందు ఆయన చేతికి చార్జిషీటు వస్తుంది.

"చదివినవు గదమ్మా, సంతకం పెట్టు," అన్నాడు మేనేజర్ కైలాసం. చెడ్డవాడు కాదు, విసిగిపోయి ఉన్నాడు.

విసుగుకు కారణం ఉంది. బాయిలో మీథేన్ ఎంతుందో అడుగుతూ పైనున్న సర్వర్ ఐదు సెకన్లకోసారి కింది సెన్సర్ పెట్టెకు ఒక ప్రశ్న పంపుతుంది. పెట్టె జవాబు పంపుతుంది. జవాబు తెర మీద అంకెగా కనబడుతుంది. రెండు వారాలుగా రోజుకు మూడు నాలుగుసార్లు ఆ అంకె మాయమైపోతున్నది. అంకె లేదంటే గ్యాస్ లేదని కాదు, ఎంతుందో తెలియదని. తెలియని చోట మనిషిని ఉంచకూడదు. అందర్నీ మంచి గాలి ఉన్న చోటికి పంపించి, కింద భద్రత చూసే సర్దారు చేతి మీటరుతో మూలమూలా కొలిచి సరేననాలి. రెండు నిమిషాల్లో అంకె తిరిగొచ్చినా పని మొదలయ్యేసరికి గంట గడిచిపోతుంది.

"జర ఆగుండ్రి సార్," అంది అనసూర్య. "చూసిందానికే సంతకం పెడ్త. నేనింక చూడలే."

భానుప్రసాద్ చిన్నగా నవ్వాడు. "చూడండి మేడమ్, దాచేదేముంది," అని తెర ఆమె వైపు తిప్పాడు.

నెట్‌వర్క్‌లో పోయే ప్రతి సమాచారపు ముక్కనూ, అంటే ప్యాకెట్‌నూ, పట్టి వరుసగా చూపించే సాఫ్ట్‌వేర్ అది. తెర నిండా వందల వరుసలు, వాటిలో చాలావాటి మీద నల్లరంగు.

"ప్రతి ప్యాకెట్‌లోనూ చెక్‌సమ్ అని ఒక సరిచూపు సంఖ్య ఉంటుంది. లోపలి సమాచారానికీ ఆ సంఖ్యకూ పొంతన లేకపోతే దారిలో చెడిందన్నమాట. ఈ నల్లవన్నీ అలాంటివే. జాయింట్లలో దోషం తప్ప ఇంకేం కాదు."

గది గుమ్మంలో హనుమంతు నిలబడి ఉన్నాడు. చేతిలో ఇన్సులేషన్ టేపు చుట్ట ఉంది, దాన్నే అటూ ఇటూ తిప్పుతున్నాడు. అరవై ఏళ్ల మనిషి తల వంచుకుని నిలబడటం అనసూర్యకు ఏమాత్రం నచ్చలేదు.

ఆమె ఈ గదిలోకి ఆపరేటర్‌గా వచ్చి పదకొండేళ్లు. భర్త కామెర్లతో పోయాక, ఆయన ఉద్యోగం ఆమెకొచ్చింది. మొదట ఆఫీసులో ఫైళ్లు మోసింది. చొప్పదండిలో పదో తరగతితో ఆపిన చదువును ముప్పై ఆరేళ్లకు మళ్లీ పట్టుకుంది. ఆదివారమాదివారం బస్సులో కరీంనగర్ పోయి కంప్యూటర్ కోర్సు చేసింది. మీటరు పట్టుకోవడం నేర్పింది హనుమంతే. ఆ తర్వాతిదంతా ఆమె సొంతంగా తవ్వుకున్నదే.

ఈ ప్యాకెట్లు పట్టే సాఫ్ట్‌వేర్‌నూ అట్లాగే తవ్వింది. రెండేళ్ల కిందట ఒక సంగతి ఆమెకు అర్థం కాలేదు. సర్వర్ విండోస్ మీద నడుస్తుంది. అందులో ఈ సాఫ్ట్‌వేర్ ఎక్కించబోతే ముందు ఇంకో డ్రైవర్ వేసుకోమంది. మూలకున్న పాత లినక్స్ కంప్యూటర్ మాత్రం ఏ డ్రైవరూ అడగలేదు, అడ్మిన్ పాస్‌వర్డ్ ఒక్కటి కొడితే చాలంది. ఒకే సాఫ్ట్‌వేర్, రెండు చోట్ల రెండు తీర్లు ఎందుకు? చెప్పేవాళ్లు లేక చదివింది. అర్థం కాని పేజీని మూడుసార్లు, నాలుగుసార్లు చదివింది.

మామూలు ప్రోగ్రాముకు తనకు వచ్చిన ప్యాకెట్లే అందుతాయి. అందరివీ చూడాలంటే కంప్యూటర్‌ను లోపలినుంచి నడిపించే కెర్నెల్‌లోనే, నెట్‌వర్క్ కార్డుకు దగ్గరగా, ఒక కిటికీ కావాలి. లినక్స్‌లో ఆ కిటికీ కెర్నెల్‌తోనే వస్తుంది. మ్యాక్‌లో అదొక ఫైలులా కనబడుతుంది, తెరిచి చదువుకోవడమే. విండోస్‌లో అట్లాంటిది లేదు కాబట్టి కార్డుకూ నెట్‌వర్క్ విభాగానికీ నడుమ ఒక డ్రైవర్‌ను దూర్చాలి. ఈ మూడు తేడాలనూ లైబ్రరీ అనే ఒక ప్రోగ్రాముల కట్ట తన కడుపులో దాచుకుని, పైకి ఒకే ముఖం చూపిస్తుంది. ఇది తెలిసిన రోజు ఇంటికి పోతూ బజార్లో కనబడ్డ వాళ్లందరికీ చెప్పాలనిపించింది. ఎవరికి చెప్తుంది? కూతురు భూమికకు చెప్పింది. ఆ పిల్ల అన్నం తింటూ, "మంచిగుందే అవ్వా," అంది.

ఇప్పుడు ఆ నల్ల వరుసల మీద వేలు పెట్టి అడిగింది. "సార్, గిది ఎవరు పంపిన ప్యాకెట్?"

"సర్వర్."

"గిదీ?"

"అదీ సర్వరే."

"కిందికెల్లి వచ్చినవాట్ల నల్లది ఒక్కటన్న చూపియ్యిండ్రి."

భానుప్రసాద్ తెరను పైకి జరిపాడు, కిందికి జరిపాడు. చాలాసేపు జరిపాడు. లోపలి పెట్టె నుంచి వచ్చిన జవాబుల్లో ఒక్కటి కూడా నల్లగా లేదు.

"ఈ ప్యాకెట్లు మీరు ఎక్కడ పట్టిండ్రు? గీ సర్వర్లనే గదా. డ్రైవర్ కాపీ తీసుకునే జాగ కార్డు కంటే ముందుంటది. చెక్‌సమ్ లెక్క కట్టే పని ఇప్పుడు కార్డుకే ఒప్పజెప్పిండ్రు. అంటే మన కాపీ తీసే టైముకు ఆ సంఖ్య ఇంక నింపనే లేదు. ఇవి వైరెక్కకముందే కనబడ్డ ప్యాకెట్లు సార్. వైరెక్కనిదాన్ని జాయింటు ఎట్ల చెడగొడ్తది?"

హనుమంతు టేపు తిప్పడం ఆపాడు.

"మాటలు కాదమ్మా, చూపియ్యాలె," అన్నాడు కైలాసం.

"రెండింటి దాంక టైమియ్యిండ్రి."

మూలకున్న లినక్స్ కంప్యూటర్‌ను లాక్కొచ్చింది. నెట్‌వర్క్ వైర్లన్నీ కలిసే స్విచ్‌లో సర్వర్ ఉన్న పోర్టు మీద పోయేదంతా ఇంకో పోర్టుకు కూడా నకలు పంపేట్టు పెట్టి, దానికి ఈ కంప్యూటర్ తగిలించింది. కార్డు మామూలుగా తన పేరు లేని ప్యాకెట్లను పక్కకు తోసేస్తుంది. ఎవరివైనా సరే తీసుకొమ్మని దానికి చెప్పింది. సర్వర్లో మళ్లీ ఒకటి, ఇక్కడ ఒకటి, రెండు చోట్లా ఒకేసారి పట్టడం మొదలుపెట్టింది. రెండు నిమిషాలకు ఒకే ప్యాకెట్‌ను రెండు తెరల మీదా తీసి పక్కపక్కన చూపించింది. సర్వర్లో పట్టినదానికి నల్లరంగు. వైరు మీద నుంచి వచ్చి లినక్స్‌లో పడ్డ అదే ప్యాకెట్ తెల్లగా, సంఖ్య సరిగ్గా ఉంది.

భానుప్రసాద్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. నవ్వు పోయింది, కానీ ముఖంలో కోపం లేదు. "సరే మేడమ్. ఇది నేను చూసుకోవాల్సింది. మరి అంకె ఎందుకు పోతోంది?"

"అదే పట్టుకోవాలె. ఫిల్టర్ ఏం పెట్టకుంట నడవనిద్దాం."

పదకొండున్నర దాటాక కింద బెల్టు ఆగింది. బొగ్గు మోసే ఆ రబ్బరు బెల్టును కాసేపటికి మళ్లీ నడిపిస్తూ కొట్టిన గంట గదిలోని స్పీకర్లో వినిపించింది. అర నిమిషం కూడా గడవలేదు. తెర మీద అంకె మాయమై రెండు గీతలు మిగిలాయి.

అనసూర్య కంప్యూటర్ వైపు చూడలేదు. ముందు ఫోన్ అందుకుంది. "సర్దార్ సాబ్, రీడింగ్ పోయింది. మనుషుల్ని ఎనక్కి పంపుండ్రి." అవతలి నుంచి అందరూ వెనక్కి వచ్చారన్న మాట వినేదాకా ఫోన్ పెట్టలేదు. అప్పుడు వచ్చి కూర్చుంది.

అంకె పోయిన క్షణానికి కొంచెం ముందు ఒక వరుస ఉంది. ఎవరూ అడగకుండానే ఒక యంత్రం అందరికీ చాటింపు వేసింది, ఫలానా అడ్రసు నాది అని. ఆ అడ్రసు గ్యాస్ పెట్టెది. కానీ చాటింపు వేసిన కార్డు నంబరు గ్యాస్ పెట్టెది కాదు. రెండు నిమిషాలకు అసలు పెట్టె కూడా ఆ అడ్రసు తనదని చెప్పుకుంది. అంకె తిరిగొచ్చింది.

"ఒకే క్వార్టర్ నంబరు రెండిండ్లకు రాసిండ్రు," అంది అనసూర్య. "కొత్తగ చాటింపేసినోని ఇంటికే సర్వర్ ఉత్తరాలేస్తది. ఆడ గ్యాస్ సంగతి ఎవరికి తెల్సు?"

కార్డు నంబరులో మొదటి సగం దాన్ని తయారుచేసిన కంపెనీది. వెతికితే కెమెరాల కంపెనీ అని తేలింది. రెండు వారాల కిందట ఒక కాంట్రాక్టరు బెల్టు దగ్గర కెమెరా బిగించి పోయాడు. దానికి కరెంటు బెల్టు ప్యానెల్ నుంచే. బెల్టు ఆగితే కెమెరా ఆరిపోతుంది, బెల్టు కదిలితే మేల్కొని తన పేరు చాటుకుంటుంది.

భానుప్రసాద్ తన మూడు రోజుల ఫైలు తెరిచి ఆత్రంగా వెతికాడు. "నా దాంట్లో ఈ చాటింపు ఒక్కటీ లేదే!"

"ఉండదు సార్. మీరు పట్టేటప్పుడే గ్యాస్ పెట్టె ప్రశ్నలూ జవాబులూ మాత్రమే కావాలని ఫిల్టర్ రాసిండ్రు. ఆ మాట చిన్న ప్రోగ్రామయ్యి కెర్నెల్లకు పోతది. ప్రతి ప్యాకెట్‌ను ఆడ్నే చూసి, వద్దన్నదాన్ని మనదాంక కాపీ గూడ చెయ్యదు. పని తక్కువ కావాలని అట్ల కట్టిండ్రు. తెరమీద దాచినయైతే మళ్ల దొరుకుతయి గని, గా గడప కాడ ఆగినయి ఏ ఫైల్లకూ రావు."

అతను బల్ల మీది రిపోర్టు తీసుకుని నిలువునా చింపాడు. హనుమంతు దగ్గరికి నడిచి, "క్షమించండి, తొందరపడ్డాను," అన్నాడు.

హనుమంతు తల ఎత్తాడు. "క్షమించుడు గిట్ల నాకొద్దు బిడ్డా. నా జాయింట్లు నాసిరకమని రాసినవు. ఒక్కసారి కిందికొచ్చి చూడు. చూసినంక నీ ఇష్టం."

కెమెరా అడ్రసు మార్చడానికి కూడా ఎవరో ఒకరు దిగాల్సిందే. ఇద్దరికీ ఒకే అడ్రసు ఉన్నప్పుడు పైనుంచి తలుపు తడితే ఎవరు తీస్తారో నమ్మకం లేదు. కాంట్రాక్టరు ఫోన్ ఎత్తడం లేదు. "నేను పోత," అంది అనసూర్య. సాంకేతిక పని మీద పగటిపూట ఆడవాళ్లు దిగొచ్చని రూలు వచ్చి నాలుగేళ్లయింది. ఈ బాయిలో ఇంతవరకు ఏ ఆడమనిషీ దిగలేదు. కైలాసం కాగితం మీద అనుమతి రాసి, రూముకు ఇంకో ఆపరేటర్‌ను పిలిపించాడు.

టోపీ కొంచెం పెద్దదైంది. బూట్లలో రెండు జతల మేజోళ్లు వేసుకుంది. మనుషుల్ని బాయిలోకి దింపే కుర్చీల తాడు మీద కూర్చుని ఏటవాలుగా కిందికి జారుతుంటే వెలుతురు వెనక్కి చిన్నదై పోయింది. ముఖానికి తడిగాలి కొట్టింది. పదకొండేళ్లుగా అంకెలుగా చూసిన చోటు ఇది. భర్త పదిహేనేళ్లు రోజూ దిగిన చోటు కూడా ఇదే. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. నడుము నిటారుగా పెట్టుకుని కూర్చుంది.

దారిలో హనుమంతు ఒక జాయింటు పెట్టె దగ్గర ఆపాడు. కరెంటు ఆపించి, బోల్టులు విప్పి, తన టోపీ లైటు దాని మీదికి వంచాడు. ఒక్కో తీగా దువ్వినట్టు ఉంది. చుట్టిన టేపు అంచులు ఒకదాని మీద ఒకటి సమంగా కూర్చున్నాయి. ఎనిమిదేళ్ల తేమలో కూడా ఒక్క చోట పచ్చగా చిలుము లేదు. భానుప్రసాద్ వంగి, వేలితో తాకి, "ఇంత శుభ్రమైన జాయింటు నేను ఎక్కడా చూడలేదు," అన్నాడు. హనుమంతు బోల్టులు మళ్లీ బిగించాడు, ఒక్కోటి రెండుసార్లు.

బెల్టు దగ్గర అనసూర్య కెమెరా వైరు ఊడదీసి, ల్యాప్‌టాప్‌కు కలిపి, దానికి ఎవరిదీ కాని అడ్రసు ఇచ్చింది. బెల్టును ఆపి నడిపించారు. మళ్లీ ఆపి నడిపించారు. మూడోసారి కూడా. పైనుంచి కైలాసం ఫోన్ చేశాడు. "అంకె కదల్లేదమ్మా. ఉన్నదున్నట్టే ఉంది." ఆ మాట ఆమె పక్కవాళ్లకు చెప్పేలోపే వాళ్లకు ఆమె ముఖం చూసి తెలిసిపోయింది.

వాళ్లు పైకొచ్చేసరికి రెండో షిఫ్టు వాళ్లు దిగడానికి వరుసలో నిలబడి ఉన్నారు. బొగ్గు మరకలతో టోపీ పెట్టుకున్న ఆడమనిషి లోపలి నుంచి రావడం చూసి మాటలు ఆపేశారు. ముందున్న సర్దారు మొగిలి, అలవాటుగా హనుమంతునే అడిగాడు. "ఏమన్నా, మళ్ల ఎనక్కి ఉరుకుడేనా, మంచిగనే అయిందా?"

హనుమంతు పక్కకు జరిగాడు. "నన్నెందుకడుగుతవు? దొరకబట్టింది మా చెల్లె. ఆమెనడుగు."

మొగిలి ఆమె వైపు తిరిగాడు. వెనకున్న ముప్పై మందీ తిరిగారు. వాళ్లంతా ఇప్పుడు ఆమె చెప్పేదాని మీద ఆధారపడి లోపలికి పోవాల్సినవాళ్లు.

"మంచిగైంది," అంది అనసూర్య. "నేనే పోయి చూసొచ్చిన. మూడుసార్లు బెల్టు నడిపిచ్చినం, రీడింగ్ పోలే. ఫికర్ లేకుంట దిగుండ్రి."

మొగిలి తల ఊపి టోపీ సర్దుకున్నాడు. ఒకరి వెనక ఒకరు కుర్చీల తాడెక్కి కిందికి కదిలారు. చివరి మనిషి లైటు కనబడకుండా పోయేదాకా అనసూర్య అక్కడే నిలబడి, వాళ్లను లెక్కపెడుతూ ఉండిపోయింది.