ఇరవై ఆరు సెకన్లు

ఆత్మకూరు బస్టాండు ఎదురుగా, ఎరువుల కొట్టు పైన ఉన్న కంప్యూటర్ సెంటర్‌లో దయాసాగర్ ఆరేళ్ళుగా పాఠాలు చెబుతున్నాడు. వచ్చేవాళ్ళకు కావలసింది సర్టిఫికెట్టు. డాసూ ఫాక్స్‌ప్రో నేర్చుకోవడం, కాగితం చేతికి రాగానే నెల్లూరు బస్సెక్కడం, అంతటితో సరి. దయాసాగర్‌కు ముప్పై ఎనిమిదేళ్ళు. పెళ్ళి ఊసెత్తేవాళ్ళు కూడా ఎత్తీ ఎత్తీ అలిసిపోయారు. అద్దె గదికి పోతే మాట్లాడటానికి గోడలున్నాయి. అవి బాగానే వింటాయి కానీ ఎదురు ప్రశ్న వేయవు. ఎదురు ప్రశ్న వేసేవాడు ఒక్కడూ లేకపోవడమే అతని బాధంతా.

1997లో ఒక కంప్యూటర్ పత్రికతో పాటు ఉచితంగా వచ్చిన సీడీలో అతనికి పెర్ల్, పైథాన్ అని రెండు భాషలు దొరికాయి. ప్రోగ్రాం రాసి ఫైలు పేరు చెబితే చాలు, రాసింది రాసినట్టే నడుస్తుంది. స్క్రిప్టింగ్ భాషలంటారు వాటిని. రెండింట్లో ఏది వడిగలది? ఈ ప్రశ్న ఆత్మకూరులో ఎవరికీ అక్కర్లేదు. సెంటర్ యజమాని మాల్యాద్రితో అంటే, "ఏదైతే ఏందయ్యా, రెండూ నేర్చుకునేవాడు ఒక్కడూ లేడు గదా" అని పేపరు తిరగేసుకున్నాడు.

అక్కర ఉన్నవాడు యాభై కిలోమీటర్ల అవతల ఉదయగిరిలో తేలాడు. ఉదయగిరి బస్సు కండక్టర్ అల్లాబకాష్ ఒకనాడు టీ అంగట్లో చెప్పాడు.

"మా చెల్లెలి కొడుకు నిసార్ అని ఉండాడు సార్. ప్రెస్సులో పెండ్లిపత్రికలు కంపోజ్ చేస్తాడు. వాడూ మీ మాదిరే, అన్నం ముందర కూర్చున్నా కంప్యూటర్ మాటే. వినేవాళ్ళు లేక మా చెల్లెలి తల తింటా ఉండాడు."

దయాసాగర్ ఆ రెండు భాషల్నీ ముక్కలు చేసి తొమ్మిది ఫ్లాపీల్లో ఎక్కించి అల్లాబకాష్ సంచిలో పెట్టాడు. మర్నాడే ఒక ఫ్లాపీ తిరిగొచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు ఉత్తరం: "దయాసాగర్ అన్నకు సలాం. మీ ప్రశ్న నాకు కూడా నిద్ర పట్టనీయలేదు." దయాసాగర్ ఆ రెండు ముక్కలూ నాలుగుసార్లు చదువుకున్నాడు. అన్నా అని పిలిచినవాడి మొహం ఎట్లా ఉంటుందో తెలియదు. అయినా ఆ వేళ గదికి పోయేటప్పుడు దారి కాస్త తక్కువైనట్టు తోచింది.

పరీక్ష ఇద్దరూ కలిసి కుదుర్చుకున్నారు. మూడు చిన్న ప్రోగ్రాములు. ఒకటి అంకెల్ని వరసబెట్టి కూడుతుంది, ఒకటి ప్రైమ్ నంబర్లు ఏరుతుంది, ఒకటి సీడీలో ఉన్న బైబిలు ఫైలులో మాటలు లెక్కబెడుతుంది. మూడూ పెర్ల్‌లో ఒకసారి, పైథాన్‌లో ఒకసారి రాయాలి. మూడింటినీ వరసగా ఐదేసిసార్లు నడిపి, మొత్తం సేపు వాచీతో కొలిచి, సగటు తీయాలి. దయాసాగర్ కంప్యూటర్ అరవై ఆరు మెగాహెర్ట్‌జ్‌ది, నిసార్‌ది ముప్పై మూడు. సగం వడి. అంటే నిసార్ దగ్గర ఏ లెక్కకైనా రెట్టింపు సేపు పట్టాలి.

దయాసాగర్ మొగ్గు పెర్ల్ వైపు. ముందు నేర్చుకున్నది అదే మరి. నిసార్ పైథాన్ మనిషి. పెళ్ళిపత్రికలో వరసలు కూర్చినట్టు అందులో ప్రతి వరసకూ ఎడం చూసుకుని రాయాల్సి రావడం అతనికి ఇష్టం. ఫ్లాపీలు అల్లాబకాష్ సంచిలో అటూ ఇటూ తిరిగాయి. మూడు నెలలు దయాసాగర్ రోజూ సాయంత్రం నాలుగింటికి బస్టాండులో ఉన్నాడు.

గురువారం పెర్ల్ కొలిచాడు. ఇరవై సెకన్లు, పాయింట్ ఒకటి. శుక్రవారం ఉదయం పైథాన్ నడిపాడు. డెబ్భై ఎనిమిది పాయింట్ నాలుగు! నాలుగింతలు వెనకబడింది. దయాసాగర్‌కు లోలోపల మురిపెంగానే ఉంది. తనకు కావలసిన జవాబు వస్తే మనిషి దాన్ని రెండోసారి తిప్పి చూడడు.

ఆ సాయంత్రం నిసార్ లెక్క వచ్చింది. పెర్ల్ నలభై పాయింట్ మూడు, పైథాన్ యాభై రెండు పాయింట్ ఆరు.

పెర్ల్ సరిపోయింది, దాదాపు రెట్టింపు. మరి పైథాన్? తన యంత్రానికి డెబ్భై ఎనిమిది పడితే, అందులో సగం వడే ఉన్న యంత్రం యాభై రెండులో ముగించిందట. కుంటి ఎద్దు పందెం గెలిచినట్టుంది. దయాసాగర్‌కు ఒళ్ళు మండింది. పైథాన్ మీద ప్రేమకొద్దీ అంకె అల్లి రాశాడనుకున్నాడు. అప్పటికప్పుడు ఫ్లాపీ ఎక్కించాడు: "నాకు డెబ్భై ఎనిమిది పాయింట్ నాలుగు వచ్చింది. నువ్వు నడపకుండానే రాసినావు. పెండ్లిపత్రికలో వరుడి పేరు ఊహించి వేస్తావా? లెక్క కూడా అంతే. నడిపే ఓపిక లేకపోతే మానుకో."

తరువాత ఫ్లాపీ రాలేదు.

సోమవారం రాలేదు, మంగళవారం రాలేదు. "ఏమీ ఇయ్యలా సార్" అని అల్లాబకాష్ సంచి తడిమి చూపించేవాడు. దయాసాగర్ సరేనని తల ఊపి, రెండో టీ తాగకుండానే లేచిపోయేవాడు. మళ్ళీ శుక్రవారం వచ్చింది, పోయింది. ఆదివారం చర్చిలో పాట మధ్యలో ఆపి కళ్ళు మూసుకున్నాడు. పక్కవాళ్ళు భక్తి అనుకున్నారు. అతనికి మాత్రం ఫ్లాపీ గుర్తొచ్చింది. పాతికేళ్ళ స్నేహాలు తెగినప్పుడు కూడా ఇంత దిగులు పడలేదు. మొహం చూడని మనిషి కోసం ఇదేం దిగులని తన్ను తానే తిట్టుకున్నాడు.

ఆ మరుసటి శుక్రవారం సెంటర్‌కు పెందలాడే వెళ్ళి కంప్యూటర్లు ఆన్ చేశాడు. ఊడ్చే కామమ్మ శుక్రవారం ఇల్లు కడిగినట్టే సెంటరూ కడుగుతుంది, ప్రతి పెట్టెనూ తడిగుడ్డతో తుడుస్తుంది. పని కాగానే గుమ్మంలో నిలబడి, "దీపం కొండెక్కించినాను సార్, పోయొస్తా" అంటుంది. శుక్రవారం పూట దీపం ఆర్పినానని నోటితో అనకూడదు, కొండెక్కిందనే అనాలి. దయాసాగర్‌ది దీపం పెట్టని ఇల్లు. ముందు గదిలో మాల్యాద్రి పెట్టుకున్న లక్ష్మీదేవి పటం దగ్గర ఏదో దీపం ఉంటుంది, ఆ సంగతే చెబుతోందనుకుని ఇన్నాళ్ళూ తల ఊపి ఊరుకున్నాడు.

ఈసారి ఆమె వెనకాలే నిలబడి ఉన్నాడు. కామమ్మ అతని కంప్యూటర్ ముఖం తుడిచి, వేలితో చిన్న మీట నొక్కింది. పచ్చగా వెలిగే బుడ్డి దీపం ఆరిపోయింది.

"దీపం కొండెక్కించినాను సార్" అంది.

"ఆ దీపమా?"

"ఊరికే కరెంటు కాలతా ఉండాది గదా సార్. పెద్ద మీట ముట్టుకోవద్దని చెప్పినారు, నేను ముట్టలా. ఇది చిన్నదే గదా. శుక్రవారం శుక్రవారం నొక్కతానే ఉండాను."

అది టర్బో మీట. ఆ దీపం వెలుగుతుంటేనే యంత్రం పూర్తి వడితో నడుస్తుంది, ఆరితే ఈడుస్తుంది. శనివారం కారు ఆట ఆడుకునే విద్యార్థులు తమ కారు పరిగెత్తాలని మళ్ళీ నొక్కేవాళ్ళు. ఆరు రోజులు బాగుండి ఏడో రోజు కుంటే యంత్రం మీద, సరిగ్గా ఆ ఏడో రోజునే పైథాన్ కొలిచి, అవతలివాణ్ణి అబద్ధాలకోరన్నాడు దయాసాగర్.

కామమ్మను ఏమీ అనలేదు. మీట నొక్కి, పైథాన్ మళ్ళీ ఐదుసార్లు నడిపాడు. ఇరవై ఆరు పాయింట్ మూడు. నిసార్ అంకెలో సరిగ్గా సగం. క్షమించమని కాగితం మీద రాసుకుని, నాలుగింటికి బస్టాండుకు పోయాడు.

అల్లాబకాష్ దూరాన్నుంచే ఫ్లాపీ ఊపి చూపించాడు. "ఇచ్చినాడు సార్."

దయాసాగర్ మళ్ళీ సెంటర్‌కు పరిగెత్తి తెరిచి చూశాడు. "అన్నా, నాదే తప్పు. మళ్ళీ నడిపి చూసినాను. పైథాన్ నూట యాభై ఆరు పాయింట్ ఎనిమిది. మీరు చెప్పిందే రైటు."

డెబ్భై ఎనిమిది పాయింట్ నాలుగుకు రెట్టింపు. సెకనులో పదో వంతు కూడా తేడా లేదు. వాచీతో కొలిచిన ఏ లెక్కా అంత నున్నగా రాదు. అప్పుడు నడపకుండా రాశావని నింద వేస్తే, పాపం అతను నడిపే రాశాడు. ఇప్పుడు నిజంగానే నడపకుండా రాశాడు. రాయించింది తనే.

బస్సు కదలబోతుంటే దయాసాగర్ ఎక్కాడు.

"ఎందాకా సార్?"

"ఉదయగిరి. మీ నిసార్ చేత ఒక అబద్ధం ఆడించినాను భాయ్. దాన్ని వాపసు తీసుకోవాల."

అల్లాబకాష్ టికెట్టు చింపి చేతిలో పెట్టాడు. "మీరిద్దరూ ఇద్దరే సార్. దినామూ మీరిక్కడ అడగతారు, వాడక్కడ బస్సు కాడికొచ్చి అడగతాడు, సార్ ఏమన్నా ఇచ్చినాడా అని."

ఉదయగిరిలో దిగేసరికి పొద్దు కొండ వెనక్కి పోయింది. ప్రెస్సులో ముప్పై ఏళ్ళ సన్నటి మనిషి పెళ్ళిపత్రిక ప్రూఫు చూసుకుంటున్నాడు. "ఈయనే దయాసాగర్ సారు" అన్నాడు అల్లాబకాష్ గుమ్మంలోంచి. నిసార్ గబుక్కున లేచాడు. సలాం చెప్పడం కూడా మరిచిపోయాడు.

"ఇరవై ఆరు వచ్చిందా అన్నా?"

జేబులోని క్షమాపణ కాగితం తీయబోయిన దయాసాగర్ చెయ్యి అక్కడే ఆగింది.

"ఇరవై ఆరు పాయింట్ మూడు. నీకెట్లా తెలుసు?"

"నాదాంట్లో సగమే గదా రావాల. మీ ఉత్తరం వచ్చిన దినమే లెక్క కట్టినాను."

"తెలిసుండీ నాదే రైటని ఎందుకు రాసినావు?"

నిసార్ చేతిలోని ప్రూఫు వైపు చూసుకున్నాడు. "లెక్క తెలుసన్నా. మీరు మళ్ళీ రాస్తారో లేదో, అది తెలియలా."

దయాసాగర్ చేతి వాచీ విప్పి కీబోర్డు పక్కన పెట్టి, అక్కడున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆఖరి బస్సుకు ఇంకా ముప్పావు గంట ఉంది.