పనిచేయని కాప్సూళ్లు

ఉదయగిరిలో ఆర్‌ఎంపీ పెంచలనరసయ్య ఇచ్చిన టైఫాయిడ్ కాప్సూళ్లు మింగుతూనే, కామమ్మ కొడుకు జయపాల్ పేగు చిల్లుపడి చనిపోయాడు. పదో తరగతి పిల్లాడు. "ఆత్మకూరు తీసకపోయేదా డాక్టరయ్యా?" అని ఆమె అడిగినప్పుడల్లా, "నా మందు మీద నమ్మకం లేదా? ఇంకో కోర్సు పడనీ" అన్నాడాయన.

నెల తిరక్కుండా కూతురు రూబీకీ అదే జ్వరం. ఈసారి కామమ్మ ఎవరినీ అడగలేదు. పిల్లను బస్సెక్కించి ఆత్మకూరు ఆస్పత్రికి తీసుకుపోయింది. కొత్త మందుకు జ్వరం దిగింది.

"మరి నా కొడుక్కి ఆ కాప్సూళ్లు ఎందుకు పనిచెయ్యలేదమ్మా? దొంగమందా?"

"మందు మంచిదే," అంది డాక్టరమ్మ. "క్రిమి బతకాలంటే లోపల మాంసకృత్తులు తయారుచేసుకుంటూ ఉండాలి. ఆ మందు పోయి ఆ పనికి అడ్డం పడుతుంది. ఇప్పుడీ క్రిమి ఆ మందుకే ఓ తోక తగిలించడం నేర్చింది. తోకున్న మందు అక్కడ ఇమడదు. కొత్త మందు దెబ్బ వేరే చోట."

క్రిమి మీద ఏం పగ తీర్చుకుంటుంది? కామమ్మ వరండాలోకొచ్చి కూలబడింది. పక్కన నరసయ్య భార్య మహాలక్ష్మి, మళ్లీ చూపించుకోవడానికి వచ్చి కూర్చునుంది.

"నాకూ క్రిస్మస్ ముందు ఇదే జరం," అంది కల్లాకపటం లేకుండా. "మా ఆయన కాప్సూళ్లు ఇయ్యలా. ఇప్పుడియ్యి పనిచెయ్యడంలేదని నేరుగా ఈడికే తెచ్చినాడు."

జయపాల్ మంచం పట్టింది క్రిస్మస్ దాటాక.

రూబీ కోలుకోగానే పోయి నరసయ్య ఇంటి మెట్ల మీద కూర్చుంది. జ్వరంతో వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పింది: "పెళ్లానికి ఆత్మకూరు మందు. నా బిడ్డకు ఈ కాప్సూళ్లు. అడగండి ఈయన్ని."

నరసయ్య మొదట అరిచాడు. జనం మొహం చాటేశాక బతిమాలాడు. "స్టాకు మిగిలిందని కక్కుర్తి పడినా. కాళ్లు పట్టుకుంటా, లెయ్యి."

"నా కాళ్లెందుకు? ఇదే మాట బజార్లో చెప్పు."

చెప్పాడు. అయినా ఆమె లేవలేదు. పాస్టరుగారు వచ్చి క్షమించమన్నారు.

"క్షమిస్తాలే అయ్యగారూ," అంది. "ముందు ఆయన్ని ఊరు దాటనీండి."

కొన్నాళ్లకు సామాన్ల లారీ ఎక్కుతూ మహాలక్ష్మి ఏడ్చింది. "నీకు నిజం చెప్పిందానికి నా సంసారం రోడ్డున పడేసినావే!"

ఆమె కళ్లలోకి మాత్రం కామమ్మ చూడలేకపోయింది. తల తిప్పుకుంది. కానీ లారీ మలుపు తిరిగేదాకా మెట్టు దిగలేదు.