ఒళ్లో సంచి లేని నవ్వు

నా నవ్వు పెద్దది. అందులో నా తప్పేం లేదు, పుట్టుకతో వచ్చింది. కాపురానికి వచ్చిన వారానికే మా అత్తగారు "నవ్వు నాలుగు విధాల చేటే తల్లీ, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకో" అంది. ఆ నాలుగు విధాలూ ఏమిటత్తయ్యా అని అడిగాను. ఆవిడకీ తెలియదు.

మా తోటికోడలికి మాత్రం నా నవ్వంటే ప్రాణం. ఇద్దరం ఆసుపత్రి లాండ్రీలో ముప్ఫై ఒక్క ఏళ్లు దుప్పట్లు మడిచాం. దుప్పటి మడతకి ఇద్దరు కావాలి. చెరో కొసా పట్టుకుని దులిపి, ఎదురెదురుగా నడిచొచ్చి అంచుకి అంచు కలపాలి. అలా రోజుకి నాలుగు వందలసార్లు దాని మొహం నా మొహం దగ్గరికి వచ్చేది. వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి అనేది, నేను పడీపడీ నవ్వేదాన్ని.

అది పోయి రెండేళ్లు. మా ఆయన అంతకు ముందే పోయాడు. పిల్లలు కలగలేదు. ఇప్పుడు దుప్పటి కొస గడ్డం కింద అదిమిపెట్టి నేనొక్కదాన్నే మడుచుకుంటాను. మడత ఎప్పుడూ వంకరే.

అలాంటి రోజుల్లో మా వీధిలోకి చప్పట్ల మేస్త్రీ వచ్చాడు. టీవీలో ఆటల కార్యక్రమానికి జనాన్ని పోగుచేసి బస్సెక్కించే మనిషి. కూర్చుని చప్పట్లు కొట్టడమే పని కాబట్టి అతనికి ఆ పేరు పడింది.

"మామ్మగారూ, బస్సు మాది, భోజనం మాది. చప్పట్లు కొట్టడం వచ్చా?"

"దోమల్ని కొట్టిన చేతులే నాయనా, పద" అన్నాను.

బయటి నుంచి చూస్తే అది సరుకుల గోడౌనులా ఉంది. లోపల ఒకవైపంతా మెరుపులు, వెనక్కి తొంగిచూస్తే పచ్చి చెక్కలు, మేకులు. చలికి పళ్లు టకటకమన్నాయి. నన్ను రెండో వరసలో కూర్చోబెట్టి నా పక్క కుర్చీ ఖాళీగా వదిలేశారు. ఆట ఇంకా మొదలు కాలేదు, వేదిక మీద పురుగు కూడా లేదు. చెవులకి డబ్బాలు తగిలించుకున్న ఒక అమ్మాయి ముందుకొచ్చి "అందరూ ఆశ్చర్యపోండి!" అంది. నోళ్లు తెరిచాం. "ఇప్పుడు బాధపడండి!" బాధపడ్డాం. అది మాకు నేర్పక్కర్లేదు. "ఇప్పుడు నవ్వండి!"

"దేనికమ్మా నవ్వడం?" అని అడిగాను.

"దేనికైనా సరే మామ్మగారూ, కెమెరా తిరుగుతోంది!"

నాకు మా తోటికోడలు గుర్తొచ్చింది. ఒకసారి దుప్పటి దులిపితే అందులోంచి కట్టుడు పళ్ల సెట్టు టపీమని కిందపడింది. మా తోటికోడలు ఆ పళ్లని పళ్లెంలో పెట్టుకుని వార్డంతా మంచం మంచానికీ తిరిగి "మీవేనా అండీ?" అని అడిగింది. ఒక ముసలాయన తీసుకుని, పెట్టుకుని, రెండుసార్లు నమిలి చూసి, "నావి కావమ్మా, కానీ నావాటికంటే బాగున్నాయి" అన్నాడు.

అంతే, రెండేళ్ల నవ్వు ఒక్కసారిగా వచ్చేసింది. కెమెరా అతను పరుగెత్తుకొచ్చి నా మొహం ముందు నిలబడ్డాడు. నేను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

భోజనాల తర్వాత ఆటగాళ్లని లోపలికి తెచ్చారు. వంతు వచ్చేదాకా ఎవరి మనుషుల పక్కన వాళ్లు కూర్చోవాలట. ఒకళ్లకి పెళ్లాం పిల్లలు, ఇంకొకళ్లకి అన్నదమ్ములు. ఒక పాతికేళ్ల పిల్ల మాత్రం గుడ్డసంచి గుండెలకి హత్తుకుని దిక్కులు చూస్తూ నిలబడింది. మేస్త్రీ దాన్ని తెచ్చి నా పక్క కుర్చీలో కూలేశాడు. "కాసేపు ఈవిడే మీ మనిషి అనుకోండమ్మా."

"మిమ్మల్ని ఏమని పిలవను?" అంది.

"ఏదో ఒకటి పిలువు తల్లీ. నన్ను పిలిచినవాళ్లు లేక చాలా రోజులైంది."

"అయితే అమ్మమ్మా" అని, ఆ మాటతోనే 'నువ్వు'లోకి దిగిపోయింది. "అమ్మమ్మా, నీ కుడికాలు ఎడమకాలు కంటే ఒక నంబరు పెద్దది, తెలుసా?"

చెప్పుల షాపులో పనట. కాలు చూస్తేనే నంబరు చెప్పేస్తుందట. డెబ్బై మూడేళ్లొచ్చాయి నాకు, కుడికాలి చెప్పు కరవని రోజు లేదు. అందరికీ అలాగే కరుస్తుందనుకున్నాను.

"మరి రెండు నంబర్లు కలిపి ఇవ్వవచ్చుగా?"

"అమ్మో! జత విడదీస్తే మా ఓనరు నన్ను విడదీస్తాడు."

నవ్వుకున్నాం. తర్వాత అది గొంతు తగ్గించి, "ఎందులోనూ గెలవలేదు అమ్మమ్మా. చిన్నప్పటి నుంచీ ఎందులోనూ. నా కోసం ఎవరూ రాలేదు కూడా. నేను పైకి వెళ్తే నువ్వు నన్నే చూస్తుంటావా?" అంది.

"రెప్ప వెయ్యను."

పేరు పిలవగానే సంచి నా ఒళ్లో పెట్టి వెళ్లింది.

ఏడు తాళంచెవులు, ఒక పెట్టె. ప్రశ్నకి జవాబు చెప్పిన కొద్దీ పనికిరాని తాళంచెవి ఒకటి తీసేస్తారు. ఆ పిల్ల అయిదు తీయించింది. మిగిలిన రెండింట్లో ఒకటి ఎంచుకోవాలి. దీపాలు దాని కళ్లలోకి కొడుతున్నాయి. చీకట్లో ఉన్న మా వైపు చూసి, నేను కనబడక వెతుక్కుంది. తాళంచెవి పెట్టి తిప్పింది. పెట్టె తెరుచుకోలేదు.

నేను ఆ సంచిని వాటేసుకుని ఏడ్చాను. ఆ పిల్ల అటువైపు తలుపులోంచే వెళ్లిపోయింది. ఎవరో వచ్చి సంచి అడిగి పట్టుకుపోయారు. అంతే, మళ్లీ కనబడలేదు.

నెల తర్వాత టీవీలో వేశారు. మా కింది గదిలో ఉండే టీచరమ్మ ఇంట్లో పదిమందిమి కూర్చుని చూశాం. పెట్టె తెరుచుకోలేదు. పిల్ల మొహం వాడిపోయింది. ఆ వెంటనే టీవీ నిండా నా మొహం. నోరంతా తెరిచి, చప్పట్లు చరుస్తూ, కడుపుబ్బా నవ్వుతున్నాను.

గదిలో అందరూ నా వైపు తిరిగారు. మా వీధిలో తాళాలు బాగుచేసే ఆయన, "ఏమిటి మామ్మగారూ, పాతపగా?" అన్నాడు. అందరూ నవ్వారు.

"అది పొద్దున తీసిన నవ్వు!" అన్నాను. "ఆ పిల్ల అప్పటికి లోపలికే రాలేదు. చూడండి, నా ఒళ్లో సంచి లేదు!"

"టీవీ అంటే అంతేలెండి" అంది టీచరమ్మ జాలిగా. జాలి పడింది, నమ్మలేదు.

చప్పట్ల మేస్త్రీని పిల్ల చిరునామా అడిగాను. "అలాంటివి ఇవ్వరు మామ్మగారూ. నాలుగు రోజులైతే ఎవరికీ గుర్తుండదు" అన్నాడు. నాకు గుర్తుంటుంది నాయనా. ఆ పిల్లకీ ఉంటుంది. తన మనిషని కూర్చోబెట్టిన మనిషి తను ఓడిపోతే నవ్విందని, బతికున్నన్నాళ్లూ గుర్తుంటుంది.

ఇక రోజుకో చెప్పుల షాపు. బస్సెక్కడం, దిగడం, లోపలికి తొంగిచూడడం. ఊరికే చూసి పోతే ఏమనుకుంటారోనని ప్రతిచోటా కూర్చుని కాలు చాచేదాన్ని. ఒకచోట "ఈవిడ కొనే బాపతు కాదురా" అన్నారు, నాకు వినబడేలాగే. పదకొండు షాపులు తిరిగాను. కుడికాలి బొటనవేలు కాయలా ఉబ్బింది.

పన్నెండో షాపులో కూర్చుని కళ్లు మూసుకున్నాను. ఎవరో వచ్చి కింద కూర్చుని నా చెప్పు విప్పారు. విప్పి, కుడిపాదం అలాగే పట్టుకుని ఆగిపోయారు. కళ్లు తెరిస్తే ఆ పిల్లే. నా మొహం చూడకముందే కాలిని పోల్చుకుంది.

"ఏం కావాలి మేడమ్?" అంది తలెత్తకుండా.

మేడమ్! పదకొండు షాపుల నొప్పీ ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. గల్లాపెట్టె దగ్గర ఓనరు మా వైపే చూస్తున్నాడు.

"నేను నవ్వలేదే తల్లీ."

"చూశాను మేడమ్. మా షాపులో అందరం కలిసి చూశాం."

"అది పొద్దున తీసింది. నువ్వు రాకముందు. నువ్వు ఓడిపోయినప్పుడు నా ఒళ్లో ఏముంది?"

అది నా పాత చెప్పుని పక్కకి జరిపింది.

"నీ సంచి కదూ! మరి ఆ నవ్వే ముసల్దాని ఒళ్లో సంచి ఉందా? చప్పట్లు కొడుతోందిగా రెండు చేతులా! సంచి ఎక్కడ పెట్టిందంటావు?"

దాని చేతులు నా పాదం మీద కాసేపు కదల్లేదు.

"ఏమైంది అక్కడ?" అని ఓనరు అరిచాడు.

"నంబరు చూస్తున్నాను సార్" అని లేచి లోపలికి వెళ్లింది. చాలాసేపటికి ఒక పెట్టె పట్టుకొచ్చింది. అందులోంచి కుడిది ఒక్కటే తీసి తొడిగింది. మెత్తగా పట్టింది.

"రెండోది కూడా వేసి చూడనా?"

"అక్కర్లేదు మేడమ్" అని గబగబా మూత పెట్టి దారంతో కట్టేసింది. ఓనరు బిల్లు రాసేదాకా గోడ వైపు తిరిగి నిలబడింది. నేను గుమ్మం దాటుతుంటే వీపు మీద చూపు ఆనినట్టనిపించింది. వెనక్కి తిరిగితే వేరే ఎవరి కాళ్ల దగ్గరో కూర్చుని ఉంది.

ఇంటికొచ్చి ముడి విప్పాను. రెండూ వేసుకున్నాను. రెండూ సరిపోయాయి. నమ్మలేక తీసి అడుగున చూశాను. కుడిదాని మీద ఆరు, ఎడమదాని మీద అయిదు.

జత విడదీసింది.

ఇప్పుడు ఆ షాపులో ఎక్కడో పై అరలో కుడిది అయిదు, ఎడమది ఆరు ఉన్న పెట్టె ఒకటి మూతేసుకుని ఉంటుంది. ఓనరు ఎప్పుడు తెరుస్తాడో, ఆ పిల్లని ఏమంటాడో. ఎడమకాలు పెద్దదైన మనిషి ఎవరైనా ఆయన కంటే ముందు వస్తే బాగుండును.

చెప్పులు మళ్లీ వేసుకుని కిటికీ నుంచి తలుపు దాకా, తలుపు నుంచి కిటికీ దాకా నడిచాను. కరవలేదు. వింత చూడవే అని పిలవడానికి ఎదురుగా ఎవరూ లేరు. అయినా నడిచాను.