కడగని ముగ్గు

క్లాండాల్కిన్ అనే పరదేశపు ఊరి పక్కన కొత్త అపార్ట్‌మెంట్లు లేచాయో లేదో, సాఫ్ట్‌వేర్ వాళ్లతో నిండిపోయాయి. వాళ్లలో గిరిజాకుమారి కూతురు మైథిలి ఒకతె. మనవరాలిని బడిలో దింపి వస్తుంటే గిరిజాకుమారికి రోజూ లువాస్ ట్రామ్ స్టాపు కనిపించేది. పొద్దున్నే కడిగి, తడారకుండా, ఒక్క గీతైనా లేకుండా. కడిగిన వాకిలి బోసిగా ఉందంటే ఆ ఇంట్లో ఎవరో పోయారనే కదా! మూడు రోజులు ఓర్చుకుంది. నాలుగో రోజు, మంగళవారం, మనవరాలి చాక్‌పీసుతో టికెట్ మెషిన్ పక్కన ఏడు చుక్కల ముగ్గు పెట్టేసింది. ట్రామ్ దిగినవాళ్లు దాన్ని తొక్కకుండా పక్కనుంచి నడుస్తుంటే ఆవిడకు కడుపు నిండినట్టయింది.

మర్నాడు చూస్తే చుట్టూరా కడిగి ఉంది, ముగ్గు మాత్రం అలాగే ఉంది. ఆ మర్నాడూ అంతే. ఎవడో బద్ధకస్తుడనుకుంది.

శుక్రవారం ఆ మనిషే పసుప్పచ్చ కోటుతో, చేతిలో నీళ్ల పైపుతో ఎదురుచూస్తున్నాడు.

"ఆంటీ, ముగ్గు మీదేనా? నా పేరు యెషయా. మాది తెనాలి."

"నాదే నాయనా. కడిగేది నువ్వేనా?"

"నేనేనండి. మీతో ఎట్టా చెప్పాలో..." అంటూ ఫోన్ చూపించాడు. సూపర్‌వైజర్ పంపిన ఫోటోలు రెండు. ఒకటి, షెల్టర్ గోడ మీద ఎవరో రంగులు కొట్టిన నీలం నక్క. రెండోది ఆవిడ ముగ్గు. "నక్కను తుడిచి దీన్నెందుకు వదిలావంటున్నాడండి. రెండూ గ్రాఫిటీయేనంట. ఇంకోసారి వదిలితే పనిలోంచి తీసేస్తాడంట."

గోడలు పాడుచేసే వెధవలని నిన్నటిదాకా తిట్టింది తనే. ఇప్పుడు వాళ్ల సరసనే తన ముగ్గు. గిరిజాకుమారి కళ్లద్దాలు సవరించుకుని నక్కను పరీక్షగా చూసింది.

"తోక ఎంత బాగా తిప్పాడో! చెయ్యి తిరిగినవాడే. మరి నాదెందుకు వదిలావు?"

"మా అమ్మ నలుగురిళ్లలో వాకిళ్లూడ్చి ముగ్గులేసేదండి. చెయ్యి రాలేదు. మీరు బాధపడతారని కూడా."

"బాధా? మూడు రోజుల పాచి ముగ్గు వాకిట్లో ఉంచుతారటయ్యా ఎవరైనా! మీ అమ్మ చూస్తే చీపురు తిరగేసేది. కడుగు ముందు."

యెషయా నవ్వుతూ పైపు తిప్పాడు. తెల్లటి నీళ్లు పట్టాల వైపు పారాయి. శుభ్రమైన నేలను ఫోటో తీసి పంపాడు. 'గ్రాండ్' అని, అంటే అక్కడివాళ్ల మాటలో బాగుందని, జవాబొచ్చింది.

గిరిజాకుమారి సంచిలోంచి చాక్‌పీసు తీసింది.

"ఆంటీ!"

"రోజూ పొద్దున్నే కడిగెయ్. నీ పనికేం ఢోకా లేదు."

"మరి మిమ్మల్ని పట్టుకుంటే?"

"నక్క బొమ్మవాడి పక్కన నిలబెడతారు. తోక నేర్చుకుంటాను."

యెషయా వీపు తిప్పి పైపు చుట్టడం మొదలుపెట్టాడు. "నేనేమీ చూడలేదండి," అన్నాడు. అటు తిరిగే అడిగాడు. "నెమళ్లు వచ్చా మీకు?"