ఇరవై సైజు చొక్కాలు

ఈ లెక్క మొదలుపెట్టేనాటికి నా చేతిలో ఉన్నవి నూట అరవై ఒక్క చొక్కాలు. అన్నీ లేత నీలం, అన్నీ ఇరవై సైజు, అన్నిటికీ ఎడమ జేబు మీద స్కూలు గుర్తు. ఇరవై అంటే ఒకటో తరగతి పిల్లల కొలత. వీటితో పాటు పదేళ్ల కూతురు ఒకతి, కుడి చెయ్యి పడిపోయిన అత్తగారు ఒకరు, జనాభా లెక్కల ఆఫీసులో పనిచేసే మొగుడు ఒకరు, నెలాఖరుకి గడువు తీరిపోతున్న కొట్టు అద్దె కాగితం ఒకటి. వయసు ముప్ఫై ఏడు. ఇదీ నా పెట్టుబడి.

ఆ ఆదివారం కొట్లో అరలు దులుపుతున్నాను. మా ఆయన కుర్చీలో కూర్చుని టీ తాగుతూ ఆ దొంతరల్ని కింది నుంచి పైదాకా చూశారు.

"చూశావా? అందరూ నీలాగే ఒక్కరితో ఆపేస్తే ఇంతే మరి. నీ బేరం నువ్వే చెడగొట్టుకున్నావు" అన్నారు.

నవ్వుతూనే అన్నారు. ఆయన ఏ మాటైనా నవ్వుతూనే అంటారు. అందుకే తిరిగి అనడానికి చోటు దొరకదు.

ఊళ్ళో పిల్లలు తగ్గుతున్నారని నిజానికి ఆయనకంటే ముందు నాకు తెలిసింది. ఆయన ఆఫీసుకి పదేళ్లకోసారి తెలిసేది నాకు స్కూళ్లు తెరిచిన వారంలో తెలిసిపోతుంది. ఈ ఏడు ఇరవై సైజు తొడుక్కున్నవాళ్ళే వచ్చే ఏడు ఇరవై రెండుకి వస్తారు, ఆ పై ఏడు ఇరవై నాలుగుకి. పిల్లలు నా అరల మీదుగా మెట్లెక్కినట్టు ఎక్కిపోతారు. మా అమ్మ కొట్టు నడిపిన రోజుల్లో అన్నిటికంటే ముందు ఖాళీ అయ్యేది కింది అరే. ఆవిడ నాకు నేర్పిన సూత్రం ఒక్కటి: పోయినేడు ఎన్ని అమ్మావో చూసుకుని, పదో వంతు కలిపి కుట్టించు. పిల్లలు పెరగడమే తప్ప తగ్గడం ఆవిడ చూడలేదు. నేనూ కళ్ళు మూసుకుని పదో వంతు కలుపుతూ పోయాను. మిగిలిపోతే, ఈ ఏడు రానివాళ్ళు వచ్చే ఏడు వస్తారులే అనుకున్నాను, బస్సు తప్పిపోయిన చుట్టాల కోసం ఎదురుచూసినట్టు. పుట్టని పిల్లలు ఏ బస్సుకీ రారని తెలుసుకోవడానికి నాకు మూడేళ్లు పట్టింది. ఈ ఏడు అమ్ముడుపోయినవి ముప్ఫై ఏడే.

మా ఆయన దగ్గర ఒక పథకం ఉంది. "అద్దె కాగితం మళ్ళీ రాయించకు. కొట్టు ఖాళీ చేసేద్దాం. నువ్వు ఇంట్లో ఉంటే అమ్మని చూసుకున్నట్టూ ఉంటుంది, ఇంకో బిడ్డని కన్నట్టూ ఉంటుంది. నేను రోజూ అంకెలు చూసేవాణ్ణి కదా, చెబుతున్నాను విను. మన వీధిలో డెబ్బై దాటినవాళ్ళు అరవై మంది. అయిదేళ్ల లోపు పిల్లలు తొమ్మిది మంది. రేపు వీళ్ళందర్నీ ఎవరు చూస్తారు?"

ఇవాళ ఎవరు చూస్తున్నారని అడగాల్సింది. చీపురు అందుకున్నాను.

ఇవాళ ఎవరు చూస్తున్నారో ఇక్కడ చెబుతాను. ఉదయం అయిదున్నరకి లేచి పాపకి డబ్బా కట్టి, ఆరింటికి అత్తయ్య గదిలోకి వెళితే, ఒళ్ళు తుడిచి నైటీ మార్చేసరికి ఏడవుతుంది. ఒళ్ళు తుడవడానికి పావుగంట. మిగతా ముప్పావుగంటా నైటీతో కుస్తీ. తల మీదుగా తొడగాలంటే పడిపోయిన చెయ్యి పైకెత్తాలి. ఎత్తితే ఆవిడ అరుస్తుంది. ఎత్తకపోతే నైటీ భుజం దగ్గర ఆగిపోయి, ఆవిడ ముఖం గుడ్డలో ఇరుక్కుపోయి, ఆ గుడ్డలోంచే నన్ను తిడుతుంది. సరిగ్గా ఆ సమయానికి తలుపవతల నుంచి ఆయన గొంతు: "అయ్యిందా? నా టీ సంగతేంటి?" ఒకసారి, ఒక చెయ్యి పట్టుకోండి అన్నాను. "మగాణ్ణి, అమ్మకి బట్టలెలా మారుస్తానే?" అన్నారు. లోపల్నుంచి అత్తయ్య కూడా, "వాడా? ఛీ ఛీ, వాణ్ణి రావద్దను" అంది. ఆ ఒక్క విషయంలో తల్లీ కొడుకులది ఒకటే మాట. అత్తయ్యకి నలుగురు పిల్లలు. మిగతా ముగ్గురూ ఆదివారం ఫోన్ చేసి, "వదినా, అమ్మ జాగ్రత్త" అంటారు. మంచం పట్టకముందు ఆవిడ రోజుకొకసారైనా అనేది, "నలుగుర్ని కన్నాను, ఏనాడైనా అలిసిపోయానన్నానా? నువ్వు ఒక్కదానికే చేతులెత్తేశావు" అని. ఇప్పుడు ఆ నలుగుర్ని కన్నావిడకి బట్టలు మార్చేది ఆవిడ కనని నేను.

రెండో బిడ్డ వద్దని నేను ఎప్పుడూ అనలేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను. పాపకి రెండేళ్లప్పుడు నాకు ఇంకొకరు కావాలనిపించింది. కొట్లో పసిపిల్లల కొలత తీసేటప్పుడు ఆ చిన్న భుజాల మీద టేపు అనవసరంగా ఇంకో క్షణం ఉంచేదాన్ని. కానీ వ్యాపారిని కదా, కొనే ముందు పెట్టే చోటు చూసుకుంటాను. పాప పుట్టిన ఏడాది రోజుకి నాలుగు గంటలు నిద్రపోయాను. ఈ అరల వెనకే పాలిచ్చాను, ఒక చేత్తో పిల్లని పట్టుకుని రెండో చేత్తో చొక్కాలు మడిచాను. ఆయన ఆ ఏడాది అంతా పాపని "నీ కూతురు రాత్రి నిద్రపోనివ్వలేదు" అన్నారు. "నా కూతురు" అన్నది స్కూల్లో బహుమతి వచ్చిన రోజున. బిడ్డలంటే ఇష్టం లేక ఆగలేదు నేను. గంటలు లేక ఆగాను. ఏ ఆఫీసు వాళ్ళు వచ్చినా ఎందరు పిల్లలని రాసుకుంటారే గానీ, ఎన్ని గంటలున్నాయమ్మా అని అడగరు.

అద్దె కాగితానికి ఇరవై రోజులుందనగా, ఒక ఉదయం నైటీ మరీ మొండికేసింది. అత్తయ్య మోచెయ్యి చంకలో ఇరుక్కుంది. ముందుకీ రాదు, వెనక్కీ పోదు. ఆవిడ ఏడవడం మొదలుపెట్టింది. అరుపు నాకు అలవాటే, ఏడుపు అలవాటు లేదు. నా జేబులో ఎప్పుడూ కత్తెర ఉంటుంది. తీసి, వెనక మెడ దగ్గర్నుంచి కింది అంచుదాకా ఒక్క పట్టున కోసేశాను.

"కొత్త నైటీనే! కొత్తదే అది!" అని అత్తయ్య కేకేసింది.

"ఉండండత్తయ్యా" అని ఆ కోసిన గుడ్డని ముందు నుంచి చేతులకి తొడిగి, రెండు రెక్కలూ వీపు కింద ఒకదాని మీద ఒకటి సర్దాను. చెయ్యి ఎత్తనే లేదు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం.

"ముందే కోసి చావచ్చు కదే" అంది అత్తయ్య, ముక్కు తుడుచుకుంటూ.

మా కొట్టు వెనక గదిలో ఇరవై ఏళ్లుగా మిషన్ కుట్టే ఆవిణ్ణి అందరూ బొత్తాలక్క అంటారు. నోట్లో ఎప్పుడూ నాలుగు బొత్తాలుంటాయి, వాటి సందులోంచే మాట్లాడుతుంది. ఆ నైటీ తీసుకెళ్లి ఆవిడ ముందు పరిచాను. వెనక పూర్తిగా తెరిచి ఉండాలి, భుజాల మీద కూడా విప్పడానికి వీలుండాలి, అంతా టిచ్చు బొత్తాలే, వేలితో నొక్కితే పడాలి.

"గుడ్డేది?" అంది బొత్తాలక్క.

నేను అరల వైపు చూశాను. ఆవిడ నా చూపు పోయిన వైపు చూసి నోట్లో బొత్తాలు చేతిలోకి ఊసింది. "కుట్టిన చేత్తో విప్పమంటావా నన్ను? పాపం, పిల్లల బట్టలే!"

"ఏ పిల్లలు, అక్కా?"

ఆవిడ లేచి అర దగ్గరికి వెళ్ళింది. తర్వాత ఒక చొక్కా తీసి గాల్లో ఝాడించి, "నాలుగు విప్పితే ఒక గౌనవుద్ది" అంది. "జేబులు మాత్రం విప్పను. గట్టిగా కుట్టాను, చిరుగుతాయి."

మొదటి గౌను బల్ల మీద ఉండగా హెడ్మాస్టరు గారు వచ్చారు. వచ్చే ఏడు ఒకటో తరగతికి పద్దెనిమిది మందే అని, కుట్టించేముందు నా చెవిన వేద్దామని. చెబుతూ చెబుతూ ఆగిపోయి గౌనుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇది... చెయ్యి ఎత్తక్కర్లేదామ్మా?"

"అక్కర్లేదు మాస్టారూ."

"మా నాన్నకి కుడతారా? మా ఆవిడ ఉద్యోగం వేరే ఊళ్ళో. వారమంతా పొద్దున్నే నేనూ మా నాన్నా పోట్లాటే. మొన్న నా చెంప మీద ఒకటిచ్చారు కూడా. నా వయసు యాభై నాలుగు" అన్నారు, చెంప తడుముకుంటూ.

"మీరే మారుస్తారా బట్టలు?" అన్నాను. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"మరి ఎవరు మారుస్తారమ్మా? ఆయన మా నాన్న."

మూడు కావాలన్నారు. మూడిటికీ జేబులుండాలన్నారు.

మర్నాడు ఉదయం గౌను అత్తయ్యకి చూపించాను. జేబు మీద స్కూలు గుర్తు చూసి, "ఈ వయసులో నన్ను ఒకటో తరగతిలో చేర్పించావటే?" అంది.

"కళ్ళజోడు పెట్టుకోండి అందులో. రోజూ ఎక్కడ పెట్టానో అని ఇల్లంతా వెతికిస్తారు కదా."

ఆవిడ ఎడమ చేత్తో జేబు లోతు చూసింది. నచ్చింది. నేను పాత నైటీ ముట్టుకోకుండా తలుపు దగ్గరికి వెళ్ళి ఆయన్ని పిలిచాను. "రండి. నేను కొట్టు తియ్యాలి. అత్తయ్యకి గౌను మార్చండి."

ఆయన పేపరు దించారు. "నేనా? నీకు పిచ్చా? అమ్మకి నేను..."

"దుప్పటి ముందే తియ్యక్కర్లేదు. పైన గౌను పరవండి, కింద నుంచి దుప్పటి లాగండి. ఒళ్ళు కనిపించదు. చేతులు దూర్చి బొత్తాలు నొక్కడమే. ఊరందరి లెక్కలూ రాస్తారు, పది బొత్తాలు లెక్కపెట్టలేరా?"

ఆయన తల్లి వైపు చూశారు, ఎప్పటిలా అటు నుంచి ఒక ఛీ వస్తుందని. నేనూ అదే వస్తుందనుకున్నాను. ఆవిడ ఛీ అంటే కొట్టూ లేదు, గౌనూ లేదు. ఇంకో పదేళ్లు ఆ గదిలో నేనే.

అత్తయ్య ఎడమ చేత్తో గౌను జేబు మళ్ళీ తడిమింది. అప్పుడు, "నీకు ఏడేళ్లు వచ్చేదాకా చొక్కా నేనే తొడిగానురా. అప్పుడు నీకు సిగ్గయిందా? రా. అది పొద్దున్నించీ నిలబడే ఉంది" అంది.

"అది" అంటే నేను. పన్నెండేళ్ల కాపురంలో నేను నిలబడి ఉన్నానని ఆవిడ గమనించినట్టు నాకు తెలియదు.

నేను చెప్పులు వేసుకుని బయటికి వచ్చేశాను. వెనక వినిపిస్తూనే ఉంది. "ఇది ఏ వైపమ్మా?" "జేబు ముందుకి రావాలి, మొద్దూ!" "అబ్బా, కదలకమ్మా." "నేనెక్కడ కదిలాను, కదలగలిగితే నీతో ఈ గోలెందుకు?" తర్వాత ఇద్దరిలో ఎవరో నవ్వారు. ఎవరో తెలియలేదు. వెనక్కి వెళ్ళి చూడలేదు. ఇరవై అయిదు నిమిషాలు పట్టిందనీ, ఒక బొత్తం దాని జతకి కాక పక్కదానికి నొక్కారనీ సాయంత్రం అత్తయ్యే ఫిర్యాదు చేసింది. వారం తిరిగేసరికి ఎనిమిది నిమిషాలకి వచ్చింది. ఒళ్ళు తుడవడం కూడా దుప్పటి కిందే నేర్చుకున్నారు.

అద్దె కాగితం మీద నేనే సంతకం పెట్టాను. మా ఆయన చెప్పిన అంకె అప్పుడు నాకు పనికొచ్చింది. డెబ్బై దాటినవాళ్ళు అరవై మంది. ఆయనకది బెంగ, నాకది బేరం. అయితే అమ్మకానికి ఒక షరతు పెట్టాను. కొలతలు ఎవరైనా తెచ్చివ్వచ్చు. తొడగడం నేర్చుకోవడానికి మాత్రం ఇంట్లో మగవాళ్ళే రావాలి. వస్తువు వాడకం తెలియనివాళ్ళకి అమ్మను, పాడుచేసి నా మీద పడతారు అన్నాను. బొత్తాలక్క మాత్రం, "నీ షరతుతో ఒక్కడూ రాడు, మళ్ళీ నన్ను చొక్కాలు కుట్టమంటావు" అంది. శనివారానికి ముగ్గురు వచ్చారు. మంగలాయన కోత బల్ల మీద వెల్లకిలా పడుకున్నాడు, పోస్టుమ్యాన్ ఆయనకి గౌను తొడుగుతున్నాడు, హెడ్మాస్టరు గారు పక్కన నిలబడి, "చెయ్యి లాగకండి, గౌనునే చేతి దగ్గరికి తీసుకురండి" అని పాఠం చెబుతున్నారు. గుమ్మం దగ్గర కూర్చుని మంగలాయన భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఆవిడ కూర్చుని నవ్వడం నేను అదే మొదటిసారి చూడటం.

పోయిన వారం మా ఆయన తల్లి గదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి కొట్టుకి బయల్దేరుతున్న నా పక్కన నిలబడ్డారు. "ఆ రెండో బిడ్డ సంగతి..." అని ఆగారు. నేను చెప్పు తొడుక్కోవడం ఆపాను. "నీకు ఏమనిపిస్తుంది?" అన్నారు. ఈసారి నవ్వలేదు. అంకెలు కూడా చెప్పలేదు. లోపల్నుంచి అత్తయ్య, "దాన్ని తొందరపెట్టకురా, ముందు నువ్వు బొత్తాలు సరిగ్గా పెట్టడం నేర్చుకో" అంది.

ఆలోచించి చెబుతానన్నాను. ఆలోచించడానికి ఇప్పుడు నాకు చోటుంది. ఆరు నుంచి ఏడు దాకా కొట్టు షట్టరు సగం ఎత్తి, బల్ల ముందు కూర్చుని, వేడిగా ఉన్న టీని వేడిగా ఉండగానే తాగుతాను. ఆ గంటలో ఇంకేం చేస్తావని బొత్తాలక్క అడిగింది. ఏమీ చెయ్యనన్నాను. నమ్మలేదు.

ఇక ఆఖరి లెక్క. నూట అరవై చొక్కాలు విప్పితే నలభై గౌన్లు అయ్యాయి, ఊళ్ళో ముసలివాళ్ళ జేబుల్లో కళ్ళజోళ్ళున్నాయి. కొత్త గుడ్డ తెప్పించాను, పదో వంతు కలపకుండా. కొట్టు నా పేరు మీదే ఉంది. రోజుకి ఒక గంట మిగిలింది. పన్నెండేళ్లలో మొదటిసారి నన్ను అడిగిన ప్రశ్న ఒకటి చేతికొచ్చింది. ఇరవై సైజు చొక్కా ఒకటి మిగిలింది. దాన్ని విప్పొద్దని చెప్పి కింది అరలో పెట్టాను. దేనికని బొత్తాలక్క అడిగితే, నాకింకా తెలియదన్నాను. తెలిసిన రోజున చెప్పేది మాత్రం నేనే.