ఒర లేని కత్తి

మిట్టమధ్యాహ్నం కొట్టులోకి వచ్చిన మనిషి కత్తిని తడిగుడ్డలో చుట్టి తెచ్చాడు. గుడ్డలోంచి సన్నగా ఆవిరి లేస్తోంది.

"దీనికి ఒర కావాలమ్మా. పొద్దుగూకేలోగా."

ఒరలు చేసే అక్క గుడ్డ విప్పింది. పిడి కింద మూడు చుక్కల గుర్తు. తన తండ్రి కొలిమిలో పుట్టిన కత్తి. పదహారేళ్ల కిందట ఆయన్ని పొడిచి చంపిందీ ఇదే. పొడిచినవాడు ఆయన శిష్యుడు. ఇప్పుడు జుట్టు నెరిసి ఎదురుగా నిలబడ్డాడు. ఆమెను గుర్తుపట్టలేదు.

"పాత ఒర ఏమైంది?"

"కాలిపోయింది. ఇవాళ్టికి ఏడో రోజు. నలుగురి చేత చేయించాను, అన్నీ పగిలిపోయాయి."

ఒర లేకుండా ఏడో పొద్దు గుంకితే ఆ కత్తి పట్టుకున్నవాడి మీదికే తిరుగుతుంది. కత్తికి మంత్రం వేసిన రోజే తండ్రి ఆమెకు ఆ సంగతి చెప్పాడు.

"పారేయలేకపోయారా?"

"పారేశాను. నాకంటే ముందే ఇల్లు చేరింది."

వెనక గదిలో కత్తెరలకు సాన పట్టే చెల్లెలు అంతా విన్నది. అక్క కర్ర కోసం లోపలికి రాగానే చెయ్యి పట్టుకుంది.

"వాడేనా? చెప్పక్కా, ఇప్పుడే ఉలితో..."

"నోర్మూసుకుని నీ పని చూసుకోవే. నా పని నేను చూసుకుంటా."

ఆమె పని మొదలుపెట్టింది. కర్రను రెండుగా చీల్చింది, చిత్రిక పట్టింది, లోపల తొలిచింది. ఎక్కడా తప్పు చేయలేదు, ఎక్కడా తొందరపడలేదు. అతను గడప మీద జరుగుతున్న ఎండనే చూస్తూ కూర్చున్నాడు.

"ఇంకెంతసేపమ్మా?"

"కర్ర మన మాట వినాలి కదండీ."

ఆమె గోటితో కర్రను తట్టి, చెవి దగ్గర పెట్టుకుంది. అతని మొహంలో నెత్తురుచుక్క లేదు.

"మా గురువుగారు ఇలాగే వినేవారు."

"నాకూ ఆయనే నేర్పారు. మా నాన్న."

అతను ఆమె కాళ్ల మీద పడ్డాడు. "తల్లీ, ఆ కత్తే నా చేత చేయించింది!"

"అయ్యుండొచ్చు. " ఆమె రెండు చెక్కలకూ బంక రాసి అతికించింది. "ఇది ఆరాలి, కూర్చోండి."

అతను కూర్చోలేదు, పరుగెత్తాడు. పొద్దు గుంకి, గడప మీది ఎండ అప్పుడే జారిపోయింది. కత్తి గుడ్డలోంచి దానంతటదే లేచింది. అతను వీధిలోకి అడుగు పెట్టలేకపోయాడు.

ఇన్నేళ్ల బరువు దిగుతుందనుకుంది ఆమె. దిగలేదు. తల తిప్పేసరికి కత్తి చెల్లెలి చేతిలో ఉంది.

"ఎంత తేలిగ్గా ఉందో చూడక్కా!"

"కింద పెట్టవే! నీకు దండం పెడతా!"

"ఆ రోజు వీడొక్కడే రాలేదట. మిగతావాళ్ల పేర్లు ఇదే చెబుతోంది."

అక్క సగం అతికిన ఒర పట్టుకుని ముందుకు ఉరికింది. పచ్చి బంక జారి ఒర రెండు ముక్కలైంది. చెల్లెలు శవాన్ని దాటి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

రాత్రి కూర్చుని మళ్లీ అతికించిన ఒర తెల్లవారేసరికి బిగిసింది. అక్క దాన్ని చంకన పెట్టుకుని బయల్దేరింది. మూడో వీధిలో ఒక ఇంటి ముందు జనం గుమిగూడి ఉన్నారు. ఆమె ఒరను చేతిలోకి తీసుకుంది. తోసుకుంటూ లోపలికి నడిచింది.