ఇంటూ గుర్తు దగ్గర సంతకం

మా ఆయన పోయిన నాలుగు నెలలకి, మార్చి రెండో మంగళవారం, ఆయన బూట్ల అట్టపెట్టె ఒకటి చంకలో పెట్టుకుని చర్చి కింది హాల్లోకి దిగాను. అందులో బూట్లు లేవు. పన్నుల కాగితాలున్నాయి. ఏటా ఈ రోజుల్లో మెర్నా బ్లూమ్‌క్విస్ట్ అక్కడ బల్ల వేసుకుని, మా డులూత్ ముసలివాళ్లందరికీ ఉచితంగా పన్ను పత్రాలు నింపి పెడుతుంది. స్కూల్లో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేసి రిటైరైంది. నాకు స్నేహితురాలు. నోరు మాత్రం మంచిది కాదు.

నేనెప్పుడూ ఆ హాల్లోకి పన్నుల కోసం వెళ్లలేదు. మా ఇంట్లో ఆ పని ఐనోది. యాభై మూడేళ్లు వంటింటి బల్ల దగ్గర కూర్చుని, పెన్సిలు చెక్కుకుని, తనే నింపేవాడు. అంతా అయ్యాక నేను సంతకం పెట్టాల్సిన చోట చిన్న ఇంటూ గుర్తు పెట్టి, కాగితం నా వైపు జరిపేవాడు.

"చూసుకో ఒకసారి" అనేవాడు.

"చూసేదేముంది? ఎక్కడ పెట్టాలో చెప్పు" అనేదాన్ని.

గుర్తు మీద వేలు పెట్టి చూపించేవాడు. నేను సంతకం చేసి మళ్లీ పొయ్యి దగ్గరికి పోయేదాన్ని. ఏటా ఇదే మాట, ఇదే జవాబు. ఐనో కాంగాస్ బెల్లం కొట్టిన రాయి. పెళ్లయిన కొత్తలో, ఇతనికి నోరు రాదేమో, మా అమ్మానాన్నా చూసుకోకుండా ఇచ్చేశారేమో అనుకున్నాను. ఫిన్లండ్ వాళ్లంతే అని మా అత్తగారు చెప్పింది. ఆ ముక్క చెప్పడానికి ఆవిడకీ సాయంత్రం దాకా పట్టింది.

మెర్నా పెట్టె మూత తీసింది. కాగితాలన్నీ క్లిప్పులు పెట్టి, వరసగా ఉన్నాయి.

"మీ ఆయన దేవుడే. నిన్న ఒకాయన కిరాణా సంచిలో తెచ్చాడు, మధ్యలో ఉల్లిపాయ కూడా ఉంది."

"చచ్చినవాడి కళ్లు చారెడు. బతికున్నప్పుడు ఆయన్ని మూగిమొద్దు అన్నావు."

"ఇప్పుడూ అంటాను. మూగిమొద్దు, కానీ పద్ధతి గల మొద్దు" అని కళ్లజోడు సర్దుకుంది. నేను కాఫీ తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాను. ఆ నాలుగు నెలలూ నాకు కాఫీ వేడిగా ఉందో లేదో కూడా తెలిసేది కాదు. అందరూ ఏడవమన్నారు. రాలేదు. పళ్ల డాక్టరు సూది వేశాక బుగ్గ ఎలా ఉంటుందో, మనిషిని మొత్తంగా అలా ఉన్నాను.

మెర్నా ఒక కాగితం దగ్గర ఆగింది. తిప్పి చూసింది.

"ఏమే, మీకు ఒరెగన్లో ఇల్లుందా?"

"మాకు ఇక్కడ ఉన్నదే కారుతోంది."

"మరి ఇదేంటి? ఒరెగన్ బాండ్ల ఫండు. పోయినేడు పన్నెండొందల పన్నెండు డాలర్లు డివిడెండు వచ్చింది."

నాకు తెలియదన్నాను. మెర్నా పెన్సిలు కింద పెట్టి, నేను ఎనిమిదో క్లాసు పిల్లనన్నట్టు చెప్పుకొచ్చింది. ఊళ్లూ రాష్ట్రాలూ అప్పు తెచ్చుకునే బాండ్ల మీద వచ్చే డబ్బుకి కేంద్రం పన్ను వేయదు. మన రాష్ట్రం కూడా మన రాష్ట్రం బాండ్లయితే వదిలేస్తుంది. వేరే రాష్ట్రానివైతే వదలదు. రాష్ట్రం పత్రంలో దానికొక గీత ఉంది, ఆ డబ్బంతా అక్కడ మళ్లీ ఆదాయంలో కలపాలి, పన్ను కట్టాలి.

"దీని మీద మీరు ఎనభై రెండు డాలర్లు కట్టాలి. అదే మన మిన్నెసోటా ఫండు కొనుక్కుని ఉంటే సున్నా. మీ ఆయన కూపన్లు కత్తిరించుకుని సబ్బులు కొనే మనిషి కదే? ఆయనకి తెలియకపోవడమేంటి?"

"పొరపాటున కొన్నాడేమో."

"ఐనోనా?" అని నవ్వింది మెర్నా. "చూడు, ఒక్క రాష్ట్రం ఫండు కొనేది ఎవరనుకున్నావు? ఆ రాష్ట్రంలో ఉన్నవాడు. లేదంటే, అక్కడికి పోదామనుకున్నవాడు."

అనేశాక నా మొహం చూసింది. నాలుక కరుచుకుంది. "అంటే, అందరూ అని కాదులే" అంది.

ఆ రోజు సంతకం పెట్టలేదు. మళ్లీ వారం వస్తానని చెప్పి పెట్టె తెచ్చేసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మా ఇంటి కింద గదిలోకి దిగాను. పాత సంవత్సరాల పెట్టెలన్నీ అక్కడే, ఆవిరి స్నానాల గది పక్కన, అట్ట మీద అంకెలు వేసి ఉన్నాయి. కిందికి దించి, ఒక్కొక్కటీ తీసి చూశాను. 1992 పత్రంలో మొదటిసారి కనబడింది. వేరే రాష్ట్రాల బాండ్లు: పదకొండు డాలర్లు. పదకొండు డాలర్లు ఎగ్గొడితే ఎవడు అడుగుతాడు? రాశాడు మహానుభావుడు. తర్వాతి ఏడు నలభై ఆరు. ఆ తర్వాత తొంభై. ఒక్క ఏడు వదల్లేదు. ముప్పై ఒక్క పత్రాలు, ముప్పై ఒక్కసార్లు అదే గీత మీద అదే పెన్సిలు రాత, చివరి పేజీలో నా సంతకం.

ఫండు నుంచి వచ్చిన చీటీలన్నిటి మీదా ఒక్కటే పేరు, ఐనో కాంగాస్.

చెక్కులు రాసి లెక్క పెట్టుకున్న చిన్న పుస్తకాలు కూడా ఉన్నాయి. ప్రతి నెలా ఒకటో తారీకున ఫండుకి యాభై డాలర్లు. 2010 నుంచి డెబ్బై అయిదు. చివరి చెక్కు పోయిన నవంబరు ఒకటిన రాశాడు. తొమ్మిదో తారీకున పోయాడు.

ఒరెగన్లో మాకు ఉన్నది ఐనో అన్న తౌనో ఒక్కడే, ఆస్టోరియాలో చేపల పడవ ఉండేది. అన్న కోసమే దాచాడేమో అనుకున్నాను. కానీ తౌనో 2009లో పోయాడు. అన్న పోయిన మరుసటి ఏడు చెక్కు పెంచాడు. ఇంక ఎవరున్నారక్కడ? తౌనో భార్య చెల్లెలు సిగ్నే ఉంది. మేము ఆస్టోరియా వెళ్లింది ఒకే ఒక్కసారి, ఆ 1992 జూన్లోనే. నడివేసవి పండగ రాత్రి అందరం మంట చుట్టూ చేరితే సిగ్నే ఐనోని లాక్కెళ్లి నాట్యం చేసింది. గలగలా నవ్వే మనిషి. మా ఆయన కూడా నవ్వాడు. పళ్లు కనబడేలా నవ్వడం నేను అప్పుడే చూశాను.

కింద గదిలో ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. పైకొచ్చి చారు వెచ్చబెట్టుకుని తాగాను. గిన్నె కడిగాను. యాభై మూడేళ్లు నా పక్కన పడుకున్న మనిషి నెలనెలా నన్ను వదిలి పోవడానికి డబ్బు కూడబెట్టాడా? అది తేలితే చాలు, ఇంకేమీ అక్కర్లేదు అనిపించింది. తేల్చేవాడు మట్టిలో ఉన్నాడు. కోపం రావాలి కదా, అదీ రాలేదు. గుర్తున్నది ఒక్కటే, గిన్నె రెండోసారి కడిగాను.

శుక్రవారం ఫండు కంపెనీకి ఫోను చేశాను. మనిషి పోయాడని ఎలాగూ చెప్పాలి కదా. ఇరవై నిమిషాలు పాట వినిపించాక ఒక అమ్మాయి పలికింది. నంబరు చెప్పాను, పోయిన తారీకు చెప్పాను.

"అయ్యో, చాలా బాధగా ఉందమ్మా. మీ పేరు?"

"ఆర్డిస్ కాంగాస్. భార్యని. నాకేం సంబంధం లేదనుకోండి, ఆయన ఖాతా అది. ఎవరి పేరన్నా రాసి ఉంటే వాళ్లకి చెప్పండి. సిగ్నే అని ఎవరైనా ఉన్నా ఫరవాలేదు, నాకు చెప్పొచ్చు."

కీబోర్డు మీద టకటకమని కొట్టింది.

"సిగ్నే అని ఎవరూ లేరమ్మా. ఇది ఉమ్మడి ఖాతా. చీటీల మీద మొదటి పేరే వస్తుంది, రెండోది మీ పేరు. తెరిచిన రోజు నుంచీ మీ ఇద్దరిదేనమ్మా. 1992 జూన్ ఇరవై తొమ్మిది, ఆస్టోరియా. మీ సంతకం కార్డు నా ముందే ఉంది."

"నేనెప్పుడు పెట్టాను?"

"అది నాకెలా తెలుస్తుందమ్మా, మీరే పెట్టారు" అంది పాపం. నవ్వుకుందో ఏమో.

ఫోను పెట్టాక గుర్తొచ్చింది. ఆస్టోరియాలో తిరుగు ప్రయాణం రోజున ఒక ఆఫీసులో ఆగాం. బల్ల మీద గిన్నెలో పిప్పరమెంట్లు ఉన్నాయి. అవి ఎన్ని తీసుకుంటే బాగుంటుందా అని ఆలోచిస్తున్నాను. ఐనో ఒక కార్డు నా వైపు జరిపాడు. ఇంటూ గుర్తు పెట్టి ఉంది. చూసుకో ఒకసారి అన్నాడు. నేను సంతకం పడేసి మూడు పిప్పరమెంట్లు సంచిలో వేసుకున్నాను.

అంతకు ముందు రోజు తౌనో ఇంట్లో అంట్లు తోముతున్నప్పుడు ఐనో నా పక్కన గుడ్డ పట్టుకుని తుడుస్తున్నాడు. కిటికీలోంచి నది కేసి చూసి, "ఇక్కడ చలి తక్కువ" అన్నాడు.

"ఎప్పుడూ వానే. ఇక్కడుంటే బూజు పట్టి చస్తాం" అన్నాను.

"ఊఁ" అన్నాడు.

అదీ ఆయన అడగడం. నోరు తెరిచి, ఆర్డిస్, అన్నయ్య ఊరికి పోయి ఉందామా అని అడిగితే ఏమయ్యేది? ముత్యాలు రాలిపోతాయా? రెండు మాటలు. దానికి బదులు ముప్పై ఒక్క ఏళ్లు, రాష్ట్ర ప్రభుత్వం వారి పత్రంలో ఒక గీత మీద రాసి, నా ముందు పెట్టి, చూసుకో ఒకసారి అని ఊరుకున్నాడు. ఊరికే కాదు, ఏటా పన్ను కట్టి మరీ అడిగాడు. నేను ఏటా సంతకం చేసి, చూసేదేముంది అన్నాను. మౌనం అర్ధాంగీకారం అంటారు. మా ఇంట్లో సంతకం కూడా అంగీకారం కాదు.

అప్పుడు వచ్చింది కోపం. వంటింట్లో నిలబడి, ఆయన కుర్చీని చూసి, "నీ దుంప తెగ, మనిషివా మానువా? నోటితో చెప్పి చావలేకపోయావా?" అని గట్టిగా అరిచాను. కుర్చీ కూడా ఆయనలాగే ఉంది. తర్వాత దానిలోనే కూర్చుని, కళ్లు మండేదాకా ఏడ్చాను. మళ్లీ అంతా మొద్దుబారిపోయింది.

మంగళవారం మెర్నా పత్రం నింపి సిద్ధంగా ఉంచింది. నాకోసం ఏలకుల రొట్టె కూడా తెచ్చింది, నోరు జారినందుకు పరిహారం.

"ఆ ఫండు అమ్మేసి మన రాష్ట్రానిది కొనుక్కో. వచ్చే ఏడు ఎనభై రెండు డాలర్లు మిగులుతాయి."

"ఉండనీ."

"పిచ్చి పట్టిందా? ఒరెగన్ పోతావేంటే డెబ్బై ఆరేళ్లకి?"

"పోను. ఉండనీ అన్నానా? పన్ను నేను కడతాలే, నీ సొమ్ము కాదుగా."

"నాకేం పోయింది, కట్టుకో" అంది. ఇది మా ఇద్దరి పేరు మీదా దాఖలు చేసే ఆఖరి పత్రమని చెప్పింది. ఆయన పేరు పక్కన పోయిన తారీకు వేసింది. చివరి పేజీ తిప్పి, నా చోటులో పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టి, నా వైపు జరిపింది.

"ఇక్కడ పెట్టు."

"ఆగవే. చూసుకోనీ."

మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. వెనక వరసలో నలుగురు ముసలివాళ్లున్నారు, ఒకాయన దగ్గుతున్నాడు. మెర్నా గడియారం చూసుకుంది. మా పేర్లు, మా వీధి, ఆయన పింఛను, నా పింఛను, వరసన గీత గీతా చదివాను. రాష్ట్రం పత్రంలో ఆ గీత వచ్చింది. వేరే రాష్ట్రాల బాండ్లు: పన్నెండొందల పన్నెండు.

"సరే" అన్నాను.

"ఏంటే సరే?" అంది మెర్నా.

"నీతో కాదు. పెన్ను ఇటివ్వు."